మంత్రి గారూ, స్లాబు పడకముందే ఒక్క మాట

గౌరవనీయులైన తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది గోదావరిఖని. ఇరవై ఏళ్లుగా ఇళ్ల పనుల్లోనే ఉన్నాను, మొదట సెంట్రింగ్ పనికి పోయేవాణ్ణి, ఇప్పుడు సైటు సూపర్‌వైజర్‌ని. ఇన్నేళ్లలో ఎన్ని స్లాబులు దగ్గరుండి వేయించానో లెక్క లేదు కానీ, ఎండాకాలం వాటి కింద బతుకు ఎలా ఉంటుందో మాత్రం నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా అమ్మ ఉండేది అలాంటి ఒక స్లాబు కిందే, అది వేయించింది నేనే.

పోయిన మే నెలలో ఒక రాత్రి సంగతి చెప్తాను. పదకొండు దాటింది. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, కూలర్‌లో నీళ్లు నిండుగా ఉన్నాయి. అయినా అమ్మ మంచం దిగి కింద బండల మీద తడి చీర పరుచుకుని పడుకుంది. నేను స్టూలు ఎక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించి చూశాను. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు పట్టుకున్నట్టుంది. బయటికి వస్తే వీధిలో గాలి ఆడుతోంది, ఆరుబయట మంచాలు వేసుకున్నవాళ్లు హాయిగా పడుకున్నారు. ఊరు చల్లబడ్డా మా ఇల్లు చల్లబడలేదు. "పాతింటి మీద కోతులు పెంకులు పలగ్గొడుతున్నయని ఏడ్చిన గానీ బిడ్డా, ఆ ఇల్లే నయముండె" అంది అమ్మ. నాకు నోట మాట రాలేదు. ఆ పెంకుటిల్లు తీసేసి స్లాబు వేద్దామని పట్టుబట్టింది నేనే.

ఎందుకు ఇలా అవుతుందో మీ ఇంజినీర్లకు తెలుసు, అయినా రాస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం ఇల్లు కట్టుకునే వాళ్లు కూడా చదవాలని నా కోరిక. మే నెల మధ్యలో మా వైపు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అంటే ఎండలో పెద్ద వాటా పడేది గోడల మీద కాదు, కప్పు మీద. ఒక్క అంతస్తు ఇంటికి నెత్తి మొత్తం కప్పే కదా. ఐదంగుళాల కాంక్రీటు పగలంతా ఆ ఎండ తాగుతుంది, పై ముఖం 60 డిగ్రీల దాకా కాలుతుంది, చెప్పుల్లేకుండా డాబా ఎక్కలేం. ఆ వేడి మెల్లగా కిందికి దిగుతుంది, దిగడానికి గంటలు పడుతుంది. అందుకే బయట చల్లబడ్డాక రాత్రి తొమ్మిదింటికి కూడా ఇల్లు ఉడుకుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడినే మన మీదికి తోస్తుంది. సాయంత్రం పూట ఆడవాళ్లు డాబా ఎక్కి బకెట్లతో నీళ్లు చల్లడం మీరు చూసే ఉంటారు, పడ్డ నీళ్లు పడ్డట్టే ఆవిరైపోతాయి, ఆ నీళ్ల కోసం మళ్లీ ఎన్ని ఇక్కట్లో.

మన పాత ఇళ్లు అలా ఉండేవి కావు. గూన పెంకుల సందుల్లోంచి గాలి పోయేది, లోపల అటక ఉంటే ఆ వేడి అక్కడే ఆగిపోయేది. నేను ఒకసారి కర్నూలు వైపు పనికి పోయినప్పుడు మట్టి మిద్దెలు చూశాను, దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన జానెడు మందాన మట్టి, అన్నిటికన్నా పైన చవుడు అనే ఉప్పు మట్టి. మధ్యాహ్నం రెండింటికి లోపలికి అడుగుపెడితే కుండలో దిగినట్టుంది. మళ్లీ అందరం మట్టి మిద్దెలు కట్టుకుందామని నేననడం లేదు, ఏటా చవుడు ఎత్తి పోసే ఓపిక, పెంకులు సర్దే మనుషులు ఇప్పుడెక్కడున్నారు. కాకపోతే వాళ్లు కప్పు మీద ఏదో ఒకటి పరిచారు. మనం బోడి స్లాబు వేసి, దాన్ని ఎండకు అప్పజెప్పి దిగొస్తున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇందిరమ్మ ఇళ్లు మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 చొప్పున నాలుగు లక్షలకు పైగా అన్నారు. ఇంటికి 5 లక్షలు, 400 చదరపు అడుగులకు తగ్గకుండా, నాలుగు విడతల్లో డబ్బు. పేదవాడికి సొంత ఇల్లు రావడం ఎంత పెద్ద సంగతో మాకు తెలుసు, అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కానీ నేను చూసిన ఎస్టిమేట్లలో పునాది ఉంది, గోడలు ఉన్నాయి, స్లాబు ఉంది, రంగులు ఉన్నాయి, స్లాబు మీద ఎండ ఆపేది ఒక్క ఐటమ్ కూడా లేదు. ఎస్టిమేట్‌లో లేనిది సైటులో జరగదు మంత్రి గారూ. మేస్త్రీ చెయ్యడు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) అడగడు, ఇంటివాళ్లకు అలాంటిది ఉంటుందనే తెలియదు.

నేను అడిగేది అదొక్కటే. స్లాబు ఐటమ్ కింద ఇంకో లైను చేర్చండి.

2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండను తిప్పికొట్టే చల్లని కప్పులు వేయించే విధానం, దేశంలో మొదటిది మనదే. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబరచాలని లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌కే. ప్రభుత్వం మారినంత మాత్రాన మంచి పని ఆగకూడదు, దాన్ని మీరు ముందుకు తీసుకెళ్లాలి. కానీ అందులో 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, అంతకన్నా చిన్న వాటికి ఇష్టమైతే అని ఉంది. 600 గజాల ఇంట్లో ఉండేవాళ్లకు గదికో ఏసీ ఉంటుంది. 60 గజాల ఇంట్లో ఉండేవాళ్లకు ఉండేది ఫ్యాను, కుదిరితే కూలర్. పేదల ఇళ్ల గురించి కాగితాల మీద ఏం రాసుకున్నా మా ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో కొత్తగా పూర్తయిన ఏ చిన్న ఇంటి మీదా నాకు తెల్ల పూత కనపడలేదు.

ఏం చెయ్యొచ్చో నా అనుభవంలోంచి చెప్తాను. అన్నిటికన్నా చవకైంది సున్నం. ఆ రాత్రి తర్వాత వారం రోజులకు మా స్లాబు కడిగించి, సున్నంలో గమ్ము కలిపి మూడు చేతులు వేయించాను, సామాను, కూలి కలిపి నాలుగు వేలు కూడా కాలేదు. హాల్లో గోడకు తగిలించిన థర్మామీటరులో సాయంత్రం పూట మూడు డిగ్రీల దాకా తేడా కనిపించింది. అమ్మ మళ్లీ మంచం ఎక్కింది. మూడు డిగ్రీలే కదా అనుకోవద్దు, 39కీ 36కీ మధ్య నిద్ర ఉంటుంది. కాకపోతే సున్నం వానలకు కొట్టుకుపోతుంది, దుమ్ము పడితే పని చెయ్యదు. మా ఊళ్లో బొగ్గు దుమ్ము సంగతి మీకు చెప్పక్కర్లేదు. ప్రతి ఏడాది మార్చిలో కడిగి మళ్లీ వెయ్యాలి.

తెల్ల పూత ఎండను తిప్పికొడుతుంది, అంతవరకే. వేడి దిగకుండా నిజంగా అడ్డుకోవాలంటే స్లాబు మీద ఇన్సులేషన్ కావాలి. 2018లో కేంద్రం ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అనే కోడ్ తెచ్చింది, దాని ప్రకారం పైకప్పు యూ-విలువ 1.2 దాటకూడదు. యూ-విలువ అంటే బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పులోంచి ఎన్ని వాట్ల వేడి దాటుతుందో ఆ లెక్క. మనం వేసే బోడి స్లాబుకు అది 3 పైనే ఉంటుంది. అంటే కోడ్ ఒప్పుకునే దానికి రెండింతల కన్నా ఎక్కువ వేడి లోపలికి వస్తోంది. దీన్ని దించడానికి వింత సామానేమీ అక్కర్లేదు. స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేసి, దాని మీద రెండంగుళాల గట్టి రకం థర్మోకోల్ షీట్లు పరిచి, పైన పలచగా కాంక్రీటు పోసి తెల్ల టైల్స్ అంటిస్తే చాలు. థర్మోకోల్‌కు బరువు లేదు కానీ పైన పోసే కాంక్రీటుకు ఉంది, ఆ బరువు స్లాబు డిజైన్‌లోనే లెక్క వేసుకోవాలి. అందుకే స్లాబు పడకముందే అంటున్నాను. ఇంకో దారి ఫిల్లర్ స్లాబు, కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు ఎన్నో ఇళ్లకు వేసి చూపించారు, ఊచల మధ్య కింది వైపు పెంకులు పెట్టి కాంక్రీటు పోస్తారు, అక్కడ కాంక్రీటు మోసే బరువేమీ ఉండదు కాబట్టి స్లాబుకు లోటు రాదు, సిమెంటు కూడా మిగులుతుంది. మన మేస్త్రీలకు రెండు రోజులు చూపిస్తే నేర్చుకుంటారు.

ఒక్క హెచ్చరిక. వేడి తట్టుకోలేక చాలామంది రేకుల కింద, స్లాబు కింద థర్మోకోల్ సీలింగ్ కొట్టించుకుంటున్నారు. పైన వెయ్యాల్సింది కింద వేస్తే స్లాబు కాలుతూనే ఉంటుంది, ఎండకు సాగి రాత్రికి ముడుచుకుని పగుళ్లిస్తుంది. అంతకన్నా ముఖ్యం, కింద ఏ అడ్డూ లేకుండా వేలాడే థర్మోకోల్‌కు నిప్పంటుకుంటే నిమిషాల్లో ఇల్లంతా పాకుతుంది. పొయ్యి ఉన్న గదిలో కూడా అది కొట్టించుకున్నవాళ్లను చూశాను. దీని గురించి మీ శాఖ గట్టిగా చెప్పాలి.

ఇది ఖర్చు అని ఆర్థిక శాఖ వాళ్లు అంటే వాళ్లకు గృహజ్యోతి గుర్తు చెయ్యండి. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. మా వీధిలో మంచి నెలల్లో అందరిదీ సున్నాయే. ఏప్రిల్, మే వచ్చేసరికి రాత్రంతా కూలర్ తిరిగి, ఉన్నవాళ్లు ఏసీ వేసి, 200 దాటిపోతారు, దాటితే మొత్తం బిల్లు కట్టాలి. నెలాఖరుకు మీటరు చూసి కూలర్ ఆపేసి ఉక్కలో పడుకునే ముసలివాళ్లు ఉన్నారు మంత్రి గారూ. ఆ 200 యూనిట్లకు డబ్బు కట్టేది మీరే, కప్పు చల్లబడితే మీకూ మిగులుతుంది. మా పక్కనే రామగుండం ఎన్టీపీసీ, 2,600 మెగావాట్లు. మా కాళ్ల కింద బొగ్గు తవ్వి, అక్కడ కాల్చి, వచ్చిన కరెంటుతో స్లాబులోంచి దిగిన వేడిని బయటికి తోడిపోస్తున్నాం. లోపలికే రానివ్వకపోతే తోడే పనే ఉండదు కదా.

షాపులు, కాంప్లెక్సుల సంగతి మీ శాఖది కాకపోవచ్చు, పురపాలక శాఖ వాళ్లకు చెప్పండి. కమర్షియల్ భవనాలకు కరెంటు పొదుపు కోసం ఈసీబీసీ అని కోడ్ ఉంది కానీ కేంద్రం లెక్కలో అది కనెక్టెడ్ లోడు (అంటే లోపలి కరెంటు సామాన్లన్నిటి మొత్తం లోడు) 100 కిలోవాట్లు, ఆపైన ఉన్న పెద్ద వాటి కోసం. మా లాంటి ఊళ్లలో కట్టేవన్నీ రెండు మూడంతస్తుల షట్టర్ల కాంప్లెక్సులు, చిన్న ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు. ముందు రోడ్డు పడమర వైపు ఉన్నా సరే ఎలివేషన్ మొత్తం అద్దం కావాలంటారు ఓనర్లు, సజ్జ పెడితే అందం పోతుందంటారు. సాయంత్రం నాలుగింటికి ఎండ నేరుగా లోపలికొస్తుంది, పరదాలు దించి లైట్లు వేసుకుని ఏసీ పెంచుకుంటారు. కట్టేది ఓనరు, కరెంటు బిల్లు కట్టేది కిరాయిదారు, అందుకే ఓనరుకు పట్టదు. పర్మిషన్ ఇచ్చేటప్పుడే పడమటి అద్దానికి సజ్జ, కప్పుకు ఇన్సులేషన్ ఉంటేనే సంతకం అంటే చచ్చినట్టు పెడతారు. రేకుల షెడ్డులో నడిచే అంగన్‌వాడీలు ఎక్కడున్నా ముందు వాటికి చెయ్యండి, ఆ పిల్లలు నోరు తెరిచి చెప్పలేరు.

ఇంకో బాధ కూడా ఉంది. రెండేళ్ల కింద మా బంధువుల ఇంటికి హీట్‌ప్రూఫ్ అని డబ్బా మీద రాసిన పెయింటు కొని వేయించాం, మామూలు రంగు కన్నా రెట్టింపు ధర. ఒక్క వానాకాలానికే పొరలు పొరలుగా లేచిపోయింది, చల్లదనం ఏనాడూ తెలియలేదు. అందులో ఏముందో, ఎంత ఎండను తిప్పికొడుతుందో డబ్బా మీద ఎక్కడా అంకె లేదు. ప్రభుత్వ సొమ్ముతో వేయించేటప్పుడైనా పరీక్ష చేసి ఎస్‌ఆర్‌ఐ (ఎండను ఎంత తిప్పికొడుతుందో చెప్పే కొలత) అంకె వేసిన రంగులే తీసుకోవాలని పెట్టండి, లేకపోతే పేదవాడి ఇంటి మీద ఏదో ఒక తెల్లరంగు పూసి ఫొటో తీసి బిల్లు పెట్టుకుంటారు.

నేను ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. మా వెనక వీధిలో ఒకామె ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటోంది, బీడీలు చుట్టి ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. గోడలు లేచాయి, సెంట్రింగ్ కొట్టారు, ఊచలు కడుతున్నారు, వచ్చే వారం కాంక్రీటు. మా ఇంటి డాబా మీద సున్నం చూసి నిన్న వచ్చి అడిగింది, "అన్నా, మా స్లాబు మీద కూడా ఏమన్న వెయ్యాల్నా, ఆఫీసోళ్లు దానికి పైసలిస్తరా" అని. కనుక్కుని చెప్తానన్నాను.

ఇట్లు,
గోదావరిఖని నుంచి ఒక సైటు సూపర్‌వైజర్