వార్షిక నివేదిక 2024–25: పాకే పిల్లలున్న ఇళ్ల భద్రత

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఒడిశాలోని మన పర్లాకిమిడి పట్టణం నుంచీ చుట్టుపక్కల గ్రామాల నుంచీ ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు.

ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీ, తెలుగు చదివే పిల్లలకు పుస్తకాల పంపిణీ ఏటా జరిగినట్టే ఈ ఏడాదీ జరిగాయి. వాటికి సహకరించిన వారికి ఆయా సభల్లోనే కృతజ్ఞతలు తెలుపుకున్నాం. అందువల్ల ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని, మన తెలుగు సంఘం మహిళా విభాగం ఈ ఏడాది కొత్తగా చేపట్టిన పనికి, అంటే పాకడం మొదలుపెట్టే బిడ్డ ఉన్న ఇంటిని ముందుగానే ప్రమాదాలు లేకుండా సర్దించే పనికి కేటాయిస్తున్నాను.

ఈ పనిని మన సంఘమే ఎందుకు తలకెత్తుకోవాలని గత సమావేశంలో కొందరు సభ్యులు అడిగారు. పాతపట్నం, టెక్కలి, పలాస వైపుల నుంచి కోడళ్లుగా వచ్చిన మన ఆడపిల్లల్లో చాలామంది తెలుగు చక్కగా చదువుతారు గాని ఒడియా చదవలేరు. అంగన్‌వాడీ గోడ మీది బొమ్మల కింద రాసినదీ, ఆసుపత్రిలో ఇచ్చే కాగితం మీద ఉన్నదీ వారికి అందడం లేదు. 2018లో ప్రారంభమైన గృహ ఆధారిత శిశు సంరక్షణ కార్యక్రమం ప్రకారం బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. ఆ రాకపోకలు బరువు, టీకాలు, తిండి చుట్టూ తిరగడం సహజమే. నేల మీద పాకే బిడ్డ చేతికి ఏమి దొరుకుతుందో చూసే పని మాత్రం ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది.

పిల్లలు సాధారణంగా ఆరు నుంచి పది నెలల మధ్య పాకుతారు, తొమ్మిదో నెల దాటాక మంచం కోడు పట్టుకుని నిలబడతారు, ఏడాది అటూ ఇటూగా అడుగులు వేస్తారు. పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు పంచే మనం ఆ వంటల మీద పెట్టే శ్రద్ధలో కొంత ఇంటి నేల మీద కూడా పెట్టాలన్నది మహిళా విభాగం అభిప్రాయం. బిడ్డ పాకాక సర్దుదామనుకుంటే ఆలస్యమైపోతుంది, ఎందుకంటే నిన్నటి దాకా పక్క మీద కదలకుండా ఉన్న బిడ్డ మర్నాడు గడప దగ్గర కనిపిస్తుంది. అందుకే అన్నప్రాశన ముహూర్తాన్నే గడువుగా పెట్టుకున్నాం. పుస్తకం, బంగారం, కత్తి ముందు పెట్టి బిడ్డ దేన్ని పట్టుకుంటుందో చూసే ఆ రోజుకల్లా ఇల్లంతా సర్ది ఉండాలని ప్రతి కుటుంబాన్నీ కోరాం.

ఈ ఏడాది మనమందరం గర్వించదగిన సందర్భం ఆగస్టు 29న జరిగింది. ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసి, జనం మాట్లాడే తెలుగుకు రాతలో చోటు కల్పించడానికి పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జయంతి అది. ఏటా దండ వేసి ఉపన్యాసంతో ముగించే ఆ రోజున, ఈసారి సభామందిరంలోనే ఒక నమూనా ఇల్లు ఏర్పాటు చేశాం. ఒక మూల వంటిల్లు, ఒక మూల పడకగది, మధ్య గుమ్మం, వెనుక పెరడు పెట్టి, మన ఇళ్లలో రోజూ నేల మీద ఉండే వస్తువులన్నీ ఉన్నవి ఉన్నట్టే అమర్చాం. వచ్చిన తల్లులను, నాయనమ్మలను, కొందరు తండ్రులను కూడా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, బిడ్డ కంటి ఎత్తు నుంచి ఆ ఇంటిని చూడమన్నాం. నిలబడి చూసినప్పుడు కనిపించని కత్తిపీట అంచు, బల్ల మీద నుంచి వేలాడే దుప్పటి కొస, ఎక్స్‌టెన్షన్ బోర్డు కన్నాలు, మంచం కిందకు దొర్లిన చింతపిక్కలు అప్పుడు ఒక్కొక్కటిగా వారే చూపించారు. పంతులు గారి పేరున జరిగే సభలో, ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగులోనే రాసిన కరపత్రాన్ని పంచగలగడం ఆయనకు తగిన నివాళి అని నా దృఢ విశ్వాసం.

ఆ రోజు అందరి చేతుల్లోనూ తిరిగిన వస్తువు చిన్న ప్లాస్టిక్ పైపు ముక్క. లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉండేలా మన ప్లంబరు సభ్యుడు వాటిని కోసి, అంచులు నున్నగా అరగదీసి ఇచ్చాడు. ఆ పైపులోంచి జారిపోయే వస్తువేదైనా పసిబిడ్డ గొంతుకు అడ్డం పడగలదు. గోళీ, వేరుశెనగ గింజ, చింతపిక్క సరే, 27 మిల్లీమీటర్ల పది రూపాయల బిళ్ళ కూడా అందులోంచి జారిపడడం చూసి చాలామంది నివ్వెరపోయారు. అన్నిటికంటె ప్రమాదకరమైనది రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీ. అది ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి పొర కాలిపోవచ్చు. బిడ్డ మింగిందన్న అనుమానం వచ్చినా విరేచనంలో వస్తుందేమోనని ఎదురుచూడకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గొంతుకు అడ్డం పడినప్పుడు చేయవలసినదాన్ని పదవీ విరమణ చేసిన నర్సు ఒకరు బొమ్మతో చూపించారు. ఏడాది లోపు బిడ్డ దగ్గలేక, ఏడవలేక ఉంటే తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు చరచాలి. వస్తువు రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. అది బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ, పక్కనున్నవారిచేత 108కి ఫోను చేయించాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది మరింత లోపలికి పోతుంది. మన ఇళ్లలో మొదట చేసేది అదే కనుక, ఆవిడ ఈ మాటను అందరిచేతా మళ్లీ మళ్లీ చెప్పించారు.

సభ తరువాత ఇళ్లకు వెళ్లడం మొదలైంది. పాత వీధుల్లో గోడకు గోడ ఆనించి కట్టిన మన పొడవాటి ఇళ్లలో వీధి అరుగు నుంచి పెరటి నూయి దాకా ఒకే దారి ఉంటుంది, తలుపులన్నీ తీసే ఉంటాయి. అలాంటి ఒక ఇంట్లో నాయనమ్మ గారు మమ్మల్ని చూసి, "మా పిల్లలు ఈ ఇంట్లోనే పెరగలేదా తల్లీ, ఇప్పుడు మీరొచ్చి చెప్పాలా?" అన్నారు. మా సభ్యురాలు ఎదురు చెప్పకుండా, "ఒకసారి నాతో కింద కూర్చోండి పిన్నీ" అని ఆవిడ పక్కనే చతికిలపడింది. మంచం పట్టె కింద, తలగడ జారిన చోట, మూత ఊడిన తాంబూలపు సున్నం ట్యూబు కనిపించింది. దాన్ని బిడ్డ రెండు చేతులా నొక్కితే సున్నం ఎగిరి కంట్లో పడుతుందని, పడితే నల్లగుడ్డు కాలిపోయి చూపు పోవచ్చని, అప్పుడు ఆలోచించకుండా ధారగా మంచినీళ్లు పోసి కడుగుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పగానే, ఆవిడ మరొక మాట లేకుండా తమలపాకుల పెట్టెను, దానితో పాటు పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద గుడాఖు డబ్బాను అల్మారా పై అరలోకి స్వయంగా మార్చారు. పాన్ వాడకం ఇంత ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఈ సున్నం సంగతి బయటి నుంచి వచ్చే ఏ కరపత్రంలోనూ కనిపించలేదు.

నీళ్ల విషయంలో మేము ఎక్కడా రాజీ పడలేదు. కుళాయి వచ్చే వేళల్లో పట్టి ఉంచుకోక తప్పని పరిస్థితి మనందరికీ తెలుసు. అయితే బిడ్డకు తల బరువెక్కువ. బకెట్లోకి తలకిందులుగా పడితే తనంతట తాను లేవలేదు, కేక కూడా వినిపించదు, నాలుగైదు సెంటీమీటర్ల లోతు నీళ్లు చాలు. బకెట్లు వాడిన వెంటనే బోర్లించాలనీ, డ్రమ్ములకు బిగుతు మూత ఉండాలనీ, స్నానాల గదికి బిడ్డ అందుకోలేని ఎత్తున గడియ పెట్టాలనీ, నూతి మీద ఇనుప జాలీ వేయించాలనీ అడిగాం. జాలీ ఖర్చు భరించలేని కుటుంబాలకు మన వెల్డింగు సభ్యులు కూలి తీసుకోకుండా చేసి పెట్టారు.

కిరోసిను, ఫినాయిలు, యాసిడ్‌లను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి గూట్లో ఉంచే అలవాటు ఇంకా పోలేదు. కిరోసిను తాగిన బిడ్డచేత వాంతి చేయించకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఎక్కువ హాని చేస్తుంది. బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండలు, పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తాయి. ఎలుకల మందు పేస్టును బిడ్డ ఉన్న ఇంట్లో అసలు ఉంచవద్దన్నదే మా మాట. గంజి వార్చే గిన్నె నేల మీద పెట్టకూడదనీ, కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లని నీళ్లు పోయాలే గాని టూత్‌పేస్టు, సిరా పూయకూడదనీ చెప్పని ఇల్లు లేదు. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల లీకేజీ రక్షణ స్విచ్ పెట్టించడం ఖర్చుతో కూడినదైనా, కొత్తగా వైరింగు చేయించుకునేవారు దాన్ని వదులుకోవద్దని మనవి.

అన్నప్రాశనకు చక్రాల వాకరును కానుకగా తేవద్దని బంధువులకు మీరే ముందుగా చెప్పండి. అది నడక నేర్పదు. మెట్ల మీద నుంచి దొర్లించి, పొయ్యి దగ్గరికి చేర్చేది అదే. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకాన్నే నిషేధించారు. దానికి బదులు గుమ్మానికీ మెట్లకూ అడ్డంగా బిగించే చెక్క తలుపు చేయించి ఇస్తే ఆ ఇంట్లో పుట్టే తరువాతి బిడ్డకూ పనికొస్తుంది. మన వడ్రంగి సభ్యులు నిలువు పట్టీల మధ్య 6 సెంటీమీటర్లకు మించకుండా, ఎక్కడానికి వీలయ్యే అడ్డ పట్టీలు లేకుండా చేసిన ఆ తలుపులు చూసి పక్క వీధి ఒడియా కుటుంబాలు కూడా చేయించుకున్నాయి.

ఇక బాధ కలిగించిన సంగతులు చెప్పకుండా ఉండలేను. ఆగస్టు సభలో ఉత్సాహంగా పేర్లు రాయించుకున్న యువకుల్లో అధిక భాగం ఒక్క ఇంటికీ రాలేదు. ఫోను చేస్తే పని ఉందన్నవారు, అదే సాయంత్రం నాటకం రిహార్సల్‌కు వచ్చారు. ఇంటి పనులు ముగించుకుని, ఎండలో, చంటిపిల్లలను చంకనేసుకుని తిరిగినది మన ఆడవాళ్లే. కరపత్రాన్ని ఒడియాతో పాటు తెలుగులోనూ ముద్రించి టీకాల రోజున పంచే ఏర్పాటు చేయమని సంబంధిత కార్యాలయానికి విన్నపం ఇచ్చాం, గుర్తు చేస్తూ మళ్లీ రాశాం, కలవడానికి వెళ్లి గంటల తరబడి బయట బల్ల మీద కూర్చున్నాం. ఈ నివేదిక రాసే నాటికి అవునని గాని కాదని గాని ఒక్క ముక్క రాలేదు. ముద్రణ ఖర్చు మనమే భరిస్తామన్నా అనుమతి ఇవ్వకపోవడం ఎంత మాత్రమూ సబబు కాదు. ఇదే సమయంలో, పై నుంచి ఆదేశం లేకపోయినా మాతో ఇళ్లకు వచ్చి ఒడియా, తెలుగు రెండింటిలోనూ తల్లులకు ఓపికగా చెప్పిన ఆశా, అంగన్‌వాడీ అక్కాచెల్లెళ్లకు మన సంఘం ఎంతో రుణపడి ఉంది.

నమూనా ఇంటికి సామాన్లు అరువిచ్చిన వీధివారికి, ఉచితంగా బోధించిన నర్సమ్మ గారికి, పైపులు కోసిన, జాలీలు, తలుపులు చేసిన పనివారికి, ఆ రోజు వంద పనుల మధ్య పులిహోర వండి వడ్డించిన మహిళా విభాగానికి, స్థలం ఇచ్చిన అధ్యక్షుల వారికి హృదయపూర్వక ధన్యవాదాలు. జమాఖర్చులను ఆడిటరు గారు పరిశీలించి సంతకం చేశారు. పట్టిక కోశాధికారి గారి వద్ద ఉంది, చూడదలచినవారు చూడవచ్చు. చందా బకాయిలు ఉన్నవారు ఈ రోజే చెల్లించవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు మీ ముందు ఉంచుతోంది. సభ్యుల ఇళ్లలో అన్నప్రాశన ముహూర్తం పెట్టుకోగానే మహిళా విభాగానికి కబురు చేయాలి, ఆ ముహూర్తానికి కనీసం రెండు వారాల ముందు ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లి చూసి రావాలి, వారిలో ఒకరు తప్పనిసరిగా మగవారై ఉండాలి. పేరు రాయించుకుని రానివారి స్థానంలో మరొకరిని వెంటనే నియమించే అధికారం మహిళా విభాగానికి ఇవ్వాలి. వీటిని చర్చించి ఆమోదించవలసిందిగా సభను కోరుతూ, ఈ నివేదికను సమర్పిస్తున్నాను.

కార్యదర్శి
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా