వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం గుర్రాల వెంట పడ్డాం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలన్నీ మీ ఫోన్లలో ఉన్నాయి కాబట్టి మళ్ళీ వర్ణించను. కార్తీక వనభోజనాలు మాత్రం మెల్‌బోర్న్ వాన పుణ్యమా అని హాల్లోనే కానిచ్చేశాం. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, అనుమానాలుంటే కోశాధికారి గారిని అడగండి, నన్ను కాదు.

ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒకే కార్యక్రమం గురించి. ఎందుకంటే ఈ ఏడాది మాకు వచ్చిన మెప్పులూ తిట్లూ చాలావరకు దానివల్లే. తెలుగు సంఘానికి మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆస్ట్రేలియా గుర్రపు దళంతో పనేంటి, ఆ డబ్బుతో పిల్లలకు పద్యాలు నేర్పించొచ్చు కదా అని ఒక పెద్దాయన సమావేశంలో సూటిగానే అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను.

మొదలైంది ఒక హోంవర్క్‌తో. తొమ్మిదో తరగతి పిల్లాడికి స్కూల్లో 4వ లైట్ హార్స్ రెజిమెంట్ గురించి రాసుకు రమ్మన్నారు. వాడు వాళ్ళ నాన్నని అడిగాడు, ఆయన నన్ను అడిగారు, నేనేమో రేసుల క్లబ్ అనుకున్నాను. పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఏటా ఏప్రిల్ 25న ఆన్జాక్ డే సెలవు తీసుకుంటున్నాం, ఆ సెలవు ఎవరి గురించో తెలియదు. సిగ్గేసింది. అందుకే మూడు ఆదివారాలు కూర్చుని ఈ దళం కథ చదువుకుందామని పెట్టాం.

కథ మన ఇంటి పక్కనే మొదలవుతుంది. 1914 ఆగస్టు 11న ఈ రెజిమెంట్ ఏర్పడింది, శిబిరం బ్రాడ్‌మెడోస్‌లో. మన సభ్యుల్లో చాలామంది రోజూ దాటి వెళ్ళే ఊరే అది. అందరూ విక్టోరియా కుర్రాళ్ళు, అందరూ వాళ్ళంతట వాళ్ళే పేరు రాయించుకున్నవాళ్ళు. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, బలవంతంగా సైన్యంలో చేర్చి విదేశాలకు పంపుదామా అని 1916లో ఒకసారి, 1917లో మరోసారి ప్రజల ఓటు అడిగితే రెండుసార్లూ జనం వద్దన్నారు. కాబట్టి యుద్ధం అయ్యేదాకా ఇది వాలంటీర్ల సైన్యంగానే ఉండిపోయింది.

అక్టోబర్‌లో ఓడెక్కి డిసెంబర్‌కల్లా ఈజిప్టు చేరారు. తర్వాత జరిగింది వింటే మీకూ నవ్వొస్తుంది, ఆ తర్వాత బాధేస్తుంది. గుర్రపు దళాన్ని 1915 మేలో టర్కీ తీరంలోని గల్లిపోలికి పంపారు, గుర్రాలు లేకుండా! అక్కడ కొండలూ కందకాలూ తప్ప గుర్రం పరిగెత్తే చోటు లేదు. డిసెంబర్ దాకా ఆ కందకాల్లోనే ఉన్నారు. తిరిగొచ్చాక దళాన్ని చీల్చి రెండు స్క్వాడ్రన్లను, అంటే చిన్న జట్లను, ఫ్రాన్స్‌కు పంపేశారు, మిగిలినవాళ్ళు ఎడారిలో.

ఇంకో సంగతి, లైట్ హార్స్ అంటే సినిమాల్లో చూసే కత్తులు దూసే రౌతులు కాదు. గుర్రం మీద వెళ్ళి, దిగి, తుపాకీతో నేల మీద పోరాడతారు. నలుగురిలో ఒకడు మిగతా ముగ్గురి గుర్రాల కళ్ళేలు పట్టుకుని వెనక ఉండాలి. అంటే నాలుగో వంతు మంది కాల్పుల్లోనే ఉండరు. టోపీలో పెట్టుకునే ఈము ఈకల్ని కంగారూ ఈకలని చెప్పి కొత్తవాళ్ళని ఆటపట్టించేవాళ్ళట. మన పిల్లలకి మూడు ఆదివారాల్లో బాగా గుర్తున్నది ఇదొక్కటే, ఏం చేస్తాం.

రెండో ఆదివారం హాలు బుకింగ్ గల్లంతైంది. అప్పటికప్పుడు ఒక సభ్యుడి గ్యారేజీలో, బియ్యం బస్తాల మధ్య కూర్చుని బీర్‌షెబా (ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న ఊరు) పోరు గురించి మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే అదే అన్నిటికన్నా బాగా జరిగింది.

1917 అక్టోబర్ 31. ఊళ్ళో బావులున్నాయి, గుర్రాలేమో చాలాసేపటి నుంచి నీళ్ళు లేకుండా ఉన్నాయి, పొద్దు వాలిపోతోంది. చీకటి పడేలోగా ఊరు దక్కకపోతే వేలాది గుర్రాల్ని నీళ్ళకోసం వెనక్కి నడిపించాల్సిందే. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో 4వ, 12వ రెజిమెంట్లు, సుమారు 800 మంది, బారులు తీరి ఎదురుగా ఉన్న టర్కీ కందకాల మీదికి దూసుకెళ్ళారు. వాళ్ళ దగ్గర కత్తుల్లేవు, తుపాకీ బాయ్‌నెట్లే ఊడదీసి చేత్తో పట్టుకున్నారు. కందకాల్లో ఉన్నవాళ్ళు వీళ్ళు ఎప్పటిలాగే దిగి నడిచొస్తారనుకున్నారు, దిగలేదు. తుపాకుల గురి దూరానికి సరిచేసుకునే టైం చాలామందికి దొరకలేదు, గుళ్ళు తలల మీదుగా పోయాయి. 31 మంది చనిపోయారు, 36 మంది గాయపడ్డారు, కనీసం 70 గుర్రాలు పోయాయి. ఊరు దక్కింది, 700 మందికి పైగా టర్కీ సైనికులు దొరికిపోయారు.

అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నాకు అక్కడే అభ్యంతరం. నాలుగేళ్ళ పైచిలుకు సర్వీసులో ఆ పరుగు గంట కూడా లేదు. తర్వాత జోర్డాన్ లోయ ఎండ, దుమ్ము, మలేరియా. 1918 వేసవిలో చివరికి చేతికి కత్తులొచ్చాయి, అక్టోబర్ 1న డమాస్కస్‌లోకి వెళ్ళారు. అక్కడ మలేరియా, ఫ్లూ కలిసి ఆ గుర్రపు సైన్యంలో తుపాకులకన్నా ఎక్కువ మందిని తీసుకెళ్ళాయి. యుద్ధం అయిపోయి ఇంటికి ఓడ కోసం చూస్తున్నవాళ్ళని 1919 మార్చిలో ఈజిప్టు జనం స్వాతంత్ర్యం కోసం లేస్తే అణచమని మళ్ళీ పంపారు. మన దగ్గర జలియన్‌వాలాబాగ్ జరిగిన ఆ వేసంగిలోనే. ఈ భాగం చదివేటప్పుడు గ్యారేజీ అంతా నిశ్శబ్దం. వీళ్ళని పొగడాలా, నిలదీయాలా అని ఒకావిడ అడిగారు, రెండూ అన్నాను. జూన్‌లో ఇంటికి ఓడెక్కారు.

ఇక పెద్దాయన ప్రశ్నకి జవాబు. ఆ రెజిమెంట్ ఈజిప్టు చేరిన 1914లోనే నిజాం గారి హైదరాబాద్ లాన్సర్లు, అంటే బల్లేల రౌతులు, కూడా అక్కడికి చేరారు, సూయెజ్ కాలువ కాపలాకి. 1918 కల్లా మన లాన్సర్లున్న 15వ ఇంపీరియల్ సర్వీస్ బ్రిగేడూ, ఈ మెల్‌బోర్న్ కుర్రాళ్ళూ ఒకే జనరల్ కింద, ఆస్ట్రేలియావాడైన షోవెల్ నడిపిన డెజర్ట్ మౌంటెడ్ కోర్ అనే గుర్రపు సైన్యంలో ఉన్నారు. సెప్టెంబర్ 23న హైఫా రేవు పట్నం మీదికి దూకింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు, మనవాళ్ళు కాదు. వాట్సాప్‌లో తిరిగే పోస్టులు నమ్మకండి. అయినా ఈ లాన్సర్ల గుర్తుగా ఢిల్లీ తీన్‌మూర్తిలో ఉన్న మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌దే. మన దక్కనులో రిసాలా అంటే గుర్రపు దళమే, బొల్లారం రిసాలా బజార్లో పెరిగిన సభ్యురాలికి ఆ పేరెందుకొచ్చిందో ఆ రోజే తెలిసిందట.

గుర్రాల సంగతి ఇంకా దగ్గరిది. వేలర్ జాతి గుర్రాలు యుద్ధానికి ఎన్నో ఏళ్ళ ముందునుంచే ఇక్కడి నుంచి ఓడల్లో మద్రాసుకు వచ్చేవి. యుద్ధానికి లక్షా ముప్పై వేలకు పైగా వెళితే తిరిగొచ్చింది ఒక్కటే, శాండీ. రోగాల భయంతో మిగతావాటిని రానివ్వలేదు. పశ్చిమాసియాలో మిగిలిపోయినవాటిలో 11 వేలు అమ్మేశారు, వాటిలో ఎక్కువ భాగం భారతదేశంలోని బ్రిటిష్ సైన్యానికి. ముసలివీ జబ్బువీ అయిన దాదాపు రెండు వేలని కాల్చేశారు. మనం అక్కడి నుంచి ఇక్కడికొచ్చాం, అవి ఇక్కడి నుంచి అక్కడికి పోయాయి.

ఏప్రిల్ 25 తెల్లవారుజామున మెల్‌బోర్న్ యుద్ధ స్మారకం ష్రైన్‌కి రెండు కార్లలో వెళ్ళాం. మంచి చలి. ఈసారి ఎక్కువ మంది వస్తే వ్యాన్ మాట్లాడదాం. మీ ఇళ్ళల్లో తాతల నాటి సైన్యం ఫొటోలు, పతకాలు, ఉర్దూ కాగితాలు ఏవైనా ఉంటే ఫోన్లో ఫొటో తీసి నాకు పంపండి, అసలువి పోస్టు చేయకండి. పద్యాల క్లాసు కూడా వచ్చే నెల మొదలవుతుంది, పెద్దాయనే చెప్పడానికి ఒప్పుకున్నారు. గ్యారేజీలో మిగిలిపోయిన నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.

మీ కార్యదర్శి