రాఘవకి, పేపరు పంపే ముందు

మత్తికెరె, బెంగళూరు

ప్రియమైన రాఘవా,

ఏసీఎల్ వాళ్ళ కాన్ఫరెన్సుకి (మనుషుల భాషని కంప్యూటర్లతో అర్థం చేయించే పరిశోధనల సంఘం అది) నువ్వు పంపబోయే పేపరు అందింది. మొదట మెట్రోలో ఫోన్‌లోనే గబగబా చదివేశాను. తర్వాత ల్యాబ్‌లో ప్రింటు తీసుకుని, పెన్ను పట్టుకుని నిదానంగా చదివాను. పని చాలా బాగుంది రా. కలాసిపాళ్యం కూరగాయల మార్కెట్లో, మదనపల్లె టమాటా మండీలో మనవాళ్ళు తెలుగులో కన్నడం కలిపి బేరమాడే తీరుని ఇంత ఓపిగ్గా రికార్డు చేశావు, రాశావు, మెషీన్ ఏ మాటని ఎందుకు తప్పుగా వింటోందో విడమరిచి చూపించావు. ఇలాంటి పేపరు లోపల ఏముందో ఎవరూ చూడకముందే ఫార్మాటు బాగాలేదని వెనక్కి వస్తే నా మనసు ఒప్పుకోదు. అందుకే ఈ పొడుగు ఉత్తరం.

పేపరుని అంచనా వేసే రివ్యూయర్లకి రాసినవాళ్ళెవరో తెలియకూడదన్నది అక్కడి నియమం. "పేర్లు తీసేశాను, అజ్ఞాతం పని అయిపోయింది" అని మెసేజ్ పెట్టావు. కాలేదు రా. మొదటి పేజీలో పేర్లు లేవు, నిజమే. కానీ మూడో పేజీకి వచ్చేసరికి నువ్వెవరో, ఎక్కడ పాఠాలు చెప్తున్నావో, నీ గైడు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు కూడా చెప్పేయగలడు. పేరు తీయడం నిమిషం పని. నిన్ను పట్టిచ్చే ఆనవాళ్ళన్నీ వాక్యాల్లో ఉన్నాయి.

దీనికింత పట్టింపు ఎందుకో ముందు చెప్తాను. వెబ్ సెర్చ్, డేటా మైనింగ్ మీద జరిగే డబ్ల్యూఎస్‌డీఎం అనే కాన్ఫరెన్సులో 2017 సంవత్సరానికి వచ్చిన పేపర్ల మీద ఒక ప్రయోగం జరిగింది. ఒక్కో పేపరునీ నలుగురు రివ్యూయర్లు చూశారు. ఇద్దరికి రచయితల పేర్లూ సంస్థలూ కనిపిస్తాయి, ఇద్దరికి కనిపించవు. ఆండ్రూ టామ్‌కిన్స్, ఆయన సహచరులు ఆ ఫలితాలు లెక్కగట్టి చూస్తే, పేర్లు కనిపించినవాళ్ళు పేరుమోసిన రచయితల వైపు, పెద్ద యూనివర్సిటీల వైపు, పెద్ద కంపెనీల వైపు మొగ్గారని తేలింది. కావాలని అన్యాయం చేయాలనుకున్నవాళ్ళు కాదు వాళ్ళు. పేరు కంటపడితే మనిషి మనసు అలా పనిచేస్తుంది, అంతే. మా సంస్థ పేరు చూసి నా పేపరు దగ్గర ఒకరు కాస్త మెత్తబడొచ్చు, నీ కాలేజీ పేరు చూసి అదే మనిషి "ఇదెక్కడుందో" అనుకోవచ్చు. పేరు కనపడకపోతే మనిద్దరం సమానం. ఈ నియమం నీలాంటివాళ్ళకి అండ రా. దాన్ని నీ చేతులతో నువ్వే వదులుకోవద్దు.

ఇక నేను గీతలు పెట్టిన చోట్లు. రెండో పేజీలో "మేము ఇంతకుముందు చూపించినట్టు" అని నీ పాత వర్క్‌షాప్ పేపరుని ఉదహరించావు. ఆ "మేము" ఒక్కటి చాలు. అలాగని ఆ ఉదహరింపే తీసేయకు. తీసేస్తే నువ్వు చెప్పిన మాటకి ఆధారం పోతుంది, పైగా ఆ పాత పేపరు తెలిసిన రివ్యూయరు "వీళ్ళు దీన్ని చూడనేలేదే" అని తప్పు పడతాడు. "అజ్ఞాత రచయిత" అని కూడా పెట్టకు, ఏసీఎల్ వాళ్ళు వద్దని స్పష్టంగా చెప్తారు. వేరెవరి పేపరు గురించో రాసినట్టు, రచయితల ఇంటిపేర్లు, సంవత్సరం పెట్టి "ఫలానావారు చూపించినట్టు" అని రాయి. పేపరంతా ఈ కంటితో ఒకసారి చదువు. "మా మునుపటి మోడల్", "మేము విడుదల చేసిన డేటా", ఇలాంటివి ఇంకో రెండు మూడు చోట్ల కనిపించాయి, అండర్‌లైన్ చేశాను.

మూడో పేజీ మరీ ముఖ్యం. "మా కళాశాలకి నడక దూరంలో ఉన్న టమాటా మండీ" అని రాశావు. మదనపల్లె పేరు ఉండాల్సిందే రా. అది నీ డేటా ఎక్కడిదో చెప్పే నిజం, అది దాస్తే రివ్యూయరు ఆ యాస గురించి ఏమీ అంచనా వేయలేడు. పోవాల్సింది "మా కళాశాలకి నడక దూరం" మాత్రమే. చాలామంది భయంకొద్దీ ఊరి పేరూ, భాష పేరూ, డేటా వివరాలూ అన్నీ మసకగా మార్చేస్తారు. అది ఇంకా నష్టం. పేపరుకి అవసరమైన నిజం ఏది, నీ గురించి చెప్పే నిజం ఏది అని ప్రతి వాక్యం దగ్గరా వేరు చేసుకోవాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి సంగతీ అంతే. అనుమతి తీసుకున్నామని రాయి, ఏ సంస్థ కమిటీయో ఇప్పుడు రాయకు. డేటాసెట్‌కి నువ్వు పెట్టిన పేరులో మీ కాలేజీ పొట్టి పేరు దూరింది, రివ్యూ అయ్యేదాకా వేరే పేరు పెట్టు. అనుబంధంలో పెట్టిన అనుమతి పత్రం ఫొటో పైన లెటర్‌హెడ్ కనిపిస్తోంది. ఫొటో బదులు అందులోని మాటలు టైపు చేసి పెట్టు, చదవడానికీ అదే సుఖం.

కృతజ్ఞతలు ఇప్పుడే వద్దు. మండీలో నీకు టీ తాగించి కూర్చోబెట్టి మాట్లాడిన పెద్దాయనకి, గ్రాంటు ఇచ్చినవాళ్ళకి, మీ గైడుగారికి అందరికీ ఎంపికయ్యాక పంపే చివరి ప్రతిలో, అంటే కెమెరా రెడీ కాపీలో, తీరిగ్గా చెప్పుకోవచ్చు. మా సీనియర్ ఒకరి పేపరు ఆ ఒక్క పేరా మిగిలిపోయినందుకే రివ్యూయర్ల దాకా వెళ్ళకుండా డెస్క్ రిజెక్ట్ అయింది. దాని మీద ఏడాది కష్టం ఉంది.

అన్నిటికంటే నన్ను ఉలిక్కిపడేలా చేసింది నీ ఆడియో ఫోల్డరు. మొదటి ఫైలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. బస్తాలు దించే చప్పుడు, ఎవరో "పక్క, పక్క" అని అరుపు, ఆ వెంటనే నీ గొంతు: "నమస్తే అన్నా, మేము ఫలానా కాలేజీ నుంచి వచ్చినాము, నా పేరు..." పేరు, ఊరు, డిపార్ట్‌మెంటు అన్నీ చెప్పేశావు. తక్కిన ఫైళ్ళూ అలాగే మొదలవుతున్నాయి. పద్ధతి ప్రకారం అనుమతి అడుగుతున్నావు, చాలా మంచి పని. కానీ పేపరుతో పాటు జిప్‌లో పంపే శాంపిల్స్‌లో ఆ మొదటి ముక్క కత్తిరించు, అసలు రికార్డింగులు నీ దగ్గర భద్రంగా దాచుకో. పనిలో పనిగా వ్యాపారుల పేర్లో ఫోన్ నంబర్లో వినపడితే అక్కడ బీప్ వేయి. అది కాన్ఫరెన్సు నియమం కోసం కాదు, నిన్ను నమ్మి మాట్లాడినవాళ్ళ కోసం.

కోడ్ కూడా చూశాను. స్క్రిప్టుల్లో ఫైల్ పాత్‌లలో నీ లాగిన్ పేరు ఉంది, లైసెన్సు ఫైల్లో నీ పూర్తి పేరు ఉంది, జిప్ లోపల గిట్ ఫోల్డరు (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచేది) అలాగే ఉండిపోయింది. ఆ ఫోల్డర్లో నువ్వు చేసిన ప్రతి మార్పు పక్కనా నీ పేరు, ఈమెయిలు ఉంటాయి. దాన్ని పూర్తిగా తీసేయి. గూగుల్ డ్రైవ్ లింకు అసలు ఇవ్వకు, ఓనర్ ఎవరో కనిపిస్తుంది. అనానిమస్ గిట్‌హబ్ అని ఒక సర్వీసు ఉంది, నీ రిపాజిటరీని పేర్లు లేకుండా చూపిస్తుంది, అది వాడు. ఆఖర్న పీడీఎఫ్ తెరిచి డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఆథర్ దగ్గర ఏముందో చూడు. వర్డ్‌లోంచి తీసిన పీడీఎఫ్ అయితే కంప్యూటర్ యజమాని పేరు అక్కడ వచ్చి కూర్చుంటుంది.

ఫార్మాటుకి వస్తాను. వర్డ్ వదిలేయి రా, ఓవర్‌లీఫ్‌లో (బ్రౌజర్లోనే లాటెక్‌తో పేపర్లు కూర్చుకునే సైటు) ఏసీఎల్ టెంప్లేటుకి మారిపో. రివ్యూ ఆప్షన్ పెడితే పేర్ల చోట అజ్ఞాత సబ్మిషన్ అని దానంతటదే వస్తుంది, పక్కన లైన్ నంబర్లు పడతాయి. రివ్యూయర్లు ఆ నంబర్లు పట్టుకునే వ్యాఖ్యలు రాస్తారు. లాంగ్ పేపరుకి 8 పేజీలు, షార్ట్ పేపరుకి 4. రిఫరెన్సులు లెక్కలోకి రావు. నీది తొమ్మిదో పేజీలోకి పాకింది కదా అని మార్జిన్లు జరపడం, అక్షరాలు చిన్నవి చేయడం లాంటివి చేయకు, వాళ్ళు ఇట్టే పట్టేస్తారు. దానికంటే రెండో సెక్షన్‌లో పాత పరిశోధనల వివరణ సగానికి తగ్గించు, అందులో మెషీన్ లెర్నింగ్ చరిత్ర అంతా చెప్పక్కర్లేదు. ఎంపికైతే కెమెరా రెడీకి ఇంకో పేజీ ఇస్తారు.

పరిమితుల సెక్షన్ నువ్వు రాయలేదు. అది తప్పనిసరి, లేకపోతే డెస్క్ రిజెక్టే. అది కూడా పేజీల లెక్కలోకి రాదు కాబట్టి మొహమాటపడకుండా రాయి: రెండు మార్కెట్లే, మాట్లాడినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ, తెల్లవారుజాము రద్దీలో రికార్డింగు కాబట్టి చప్పుడు ఎక్కువ. ఇవన్నీ నీ పేపరులోనే అక్కడక్కడా ఉన్నాయి, ఒకచోటికి చేర్చు చాలు.

ఇప్పుడు నా మనసుకి దగ్గరి విషయం. నాలుగో టేబుల్‌లో "స్వల్ప తగ్గించుకోండి అన్నా" అన్న ఉదాహరణ నాకు ఎంతో నచ్చింది. కన్నడ "స్వల్ప", తెలుగు క్రియ, చివర మన "అన్నా". నీ పేపరు సారమంతా ఆ మూడు మాటల్లో ఉంది. కానీ నువ్వు పంపిన పీడీఎఫ్‌లో అక్షరాలు విడిపోయాయి. స కింద వ ఒత్తు రావాల్సిన చోట పొల్లు స్, పక్కన వ. ల్ప దగ్గరా అంతే. తెలుగు రాని రివ్యూయరుకి తేడా తెలియదు, తెలిసిన రివ్యూయరు మాత్రం "తెలుగు మీద పేపరు రాసి తెలుగే సరిగా చూసుకోలేదు" అనుకుంటాడు. మామూలు పీడీఎఫ్‌లాటెక్‌కి మన ఒత్తులు కూర్చడం రాదు. ఏసీఎల్ వాళ్ళ స్టైల్ ఫైళ్ళలో లువాలాటెక్‌కి (లాటెక్‌లోనే ఇంకో రకం) వేరే నమూనా ఉంది, అది తీసుకుని నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు పెట్టి, అక్షరాలు కూర్చే రెండరర్ హార్ఫ్‌బజ్ అని ఇవ్వు. ఒత్తులు చక్కగా కింద కూర్చుంటాయి. ఫాంటు స్కేలు కాస్త తగ్గించు, లేకపోతే పక్కనున్న ఇంగ్లీషు కంటే తెలుగు పెద్దదిగా కనిపించి వరసల మధ్య ఎడం పెరుగుతుంది. ఉదాహరణ కింద రోమన్ లిప్యంతరీకరణ, దాని కింద మాటకి మాట అర్థం, ఆ కింద పూర్తి వాక్యం అర్థం ఇవ్వు. లిప్యంతరీకరణకి ఐఎస్ఓ 15919 అనే అంతర్జాతీయ ప్రమాణం పట్టుకో, ఒక్కో పేజీలో ఒక్కో పద్ధతి వద్దు. అంతా అయ్యాక పీడీఎఫ్ పెద్దది చేసి క్ష, జ్ఞ, స్త్రీ లాంటివి ఒక్కొక్కటిగా కంటితో చూడు.

రివ్యూ కాకముందే పేపర్లు అందరికీ కనిపించేలా పెట్టుకునే ఆర్కైవ్ (arXiv) సైటులో పెట్టొచ్చా అని అడిగావు. ఇంతకుముందు ఏసీఎల్ వాళ్ళు సబ్మిషన్‌కి నెల ముందు నుంచి పెట్టనిచ్చేవాళ్ళు కాదు, 2024 జనవరిలో ఆ ఆంక్ష ఎత్తేశారు. పెట్టొచ్చు. నేనైతే ఫలితం వచ్చేదాకా ఆగమనే అంటాను. రివ్యూయరు టైటిల్ వెతికితే మొదటి వరసలోనే నీ పేరు కనిపిస్తుంది, పైన చెప్పిన శ్రమంతా వృథా. ఎవరైనా ఈలోగా ఇదే పని చేసి పెట్టేస్తారని నిజంగా భయం ఉంటే అప్పుడు వేరే మాట.

డెడ్‌లైన్ విషయంలో కంగారు పడకు. రాత్రి 11:59, ఎనీవేర్ ఆన్ అర్త్ (భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా ఉన్నంతసేపు) అంటే మనకి మర్నాడు సాయంత్రం 5:29. అలాగని ఆ సాయంత్రం దాకా ఆగొద్దు, ముందు రోజే ఒక వెర్షన్ ఎక్కించేయి, తర్వాత మార్చుకోవచ్చు.

ఒక్కటి మాత్రం ఇవాళే చూడాలి. రచయితలందరికీ, పేపర్లు పంపే సైటు ఓపెన్‌రివ్యూలో ప్రొఫైల్ ఉండాలి. నీతో కలిసి పేపరు రాసిన శైలజ మేడం జీమెయిల్ తప్ప వాడరు కదా, సంస్థ ఈమెయిలు లేకుండా తెరిచిన ప్రొఫైల్‌ని వాళ్ళు పరిశీలించి ఆమోదించడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. కాలేజీ ఈమెయిలు ఇప్పించగలిగితే ఇప్పించు, లేకపోతే ఈ ఉత్తరం చదివిన వెంటనే ఆవిడ చేత తెరిపించు. కత్తిరించిన ఆడియోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని శనివారం వచ్చేయి, నా డెస్క్ దగ్గరే కూర్చుని ఒక్కొక్కటీ విందాం. రాత్రికి ఇక్కడే ఉండేట్టు రా. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
కిరణ్