సహనం అని రాసేముందు

నల్లగొండ

బిడ్డా శ్రావణీ,

నువ్వు పంపిన గ్రాఫు చూసిన. నీ ప్రోటీన్ వేసిన వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) ఫాక్స్‌పీ3 (ఇమ్యూనిటీ దాడిని ఆపే టీ-రెగ్ కణాలకు గుర్తైన ప్రోటీన్) ఉన్న కణాలు పెరిగినయి, పక్కనున్న టీ-కణాల (దాడిచేసే తెల్ల రక్తకణాల) విభజన తగ్గింది. మంచిదే. కానీ గ్రాఫు కింద ‘టాలరెన్స్ (సహనం) కలిగించే అణువు’ అని అప్పుడే రాసేసినవు. అది తీసెయ్యి. అణచడం వేరు, సహనం వేరు. నిమ్స్‌లో కిడ్నీ మార్పిడి చేయించుకొని వచ్చిన మనిషి పొద్దున, రాత్రి టాక్రోలిమస్ అనే ఇమ్యూనిటీని అణచే మందు మింగుతనే ఉంటడు. మానేస్తే ఒళ్లు ఆ కిడ్నీని తిప్పికొడతది. అది అణచడం. మందు ఆపినంక కూడా ఆ ఒక్క పరాయిదాన్ని ఒప్పుకొని, మిగతా పరాయివాటితో ఎప్పటిలెక్కనే కొట్లాడితే అది సహనం.

ఈ సంగతి ముందు బయటపడింది పశువుల్లో. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య చాలావరకు చూడి కట్టదని మన దిక్కు రైతులకు తెలిసిందే. తల్లి కడుపులో రెండింటి మాయలు కలిసిపోయి రక్తం అటూ ఇటూ పారతది. 1945లో రే ఓవెన్ అట్లాంటి కవలల రక్తం పరీక్షించి, పెద్దయినంక కూడా ఒకదాని ఒంట్ల రెండోదాని ఎర్రకణాలు తయారైతున్నయని చూపిండు. 1953లో బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెడావర్ దాన్నే ఎలుకల్లో కావాలని చేసిన్రు. పుట్టకముందే పిండానికి వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించిన్రు. పెద్దయినంక ఆ జాతి చర్మం అతికిస్తే నిలిచింది, ఇంకో జాతి చర్మం అతికిస్తే మాత్రం నిలవలే. ఆ రెండో అతుకే నా దృష్టిలో అసలు ప్రయోగం. అది లేకుంటే ఎలుక ఇమ్యూనిటీయే చచ్చిపోయిందని ఎవరన్నా అనొచ్చు.

ఫాక్స్‌పీ3 చరిత్ర నీకు నోటికే వచ్చు. 1995లో సకగుచి దాడిని అణచే సీడీ25 కణాలను చూపిండు, 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ స్కర్ఫీ అనే జబ్బు ఎలుకల్లో చెడిన జన్యువు ఫాక్స్‌పీ3 అని పట్టిన్రు, 2025లో ముగ్గురికీ నోబెల్. దానివల్లనే ఇప్పుడు ఫాక్స్‌పీ3 రంగు కనబడితే చాలు, టీ-రెగ్ దొరికిందని సంబరపడే అలవాటు వచ్చింది. మనుషుల్లో మామూలు టీ-కణాన్ని గట్టిగ ఉత్తేజపరిచినా కొన్ని రోజులు ఫాక్స్‌పీ3 చూపిస్తది, తర్వాత పోతది. నువ్వు రేపు మనుషుల రక్తంతో ఇదే చేస్తే ముందు బోల్తా కొట్టేది అక్కడనే. అందుకే సీడీ127 (టీ-రెగ్‌ల మీద తక్కువగ ఉండే ప్రోటీన్) తక్కువగ ఉన్నదా లేదా తప్పకుండ చూడాలె.

ఎలుక కణాలైనా స్థిరంగ ఉన్నయా అన్నది వేరే ప్రశ్న. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్‌తో ప్లేట్ల తయారుచేసిన టీ-రెగ్‌లలో ఫాక్స్‌పీ3 జన్యువు టీఎస్‌డీఆర్ భాగం (దాన్ని నిలకడగ నడిపే స్విచ్చు) మీద మిథైల్ గుర్తులు (జన్యువును మూసిపెట్టే రసాయన ముద్రలు) చాలావరకు అట్లనే ఉండిపోతయి. టీజీఎఫ్-బీటా తీసేసి మళ్ల ఉత్తేజపరిస్తే ఫాక్స్‌పీ3 జారిపోతది. కాబట్టి నీ కణాలను కడిగి, నీ ప్రోటీన్ లేకుండ మళ్ల ఉత్తేజపరిచి, ఎంత మిగిలిందో చూడు. ఆ గుర్తులు లెక్కపెట్టే బైసల్ఫైట్ పరీక్ష చేస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో: ఫాక్స్‌పీ3 ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటది, నువ్వు వాడేది ఆడ ఎలుకలు. ఆడ కణంలో రెండు ఎక్స్‌లల్ల ఒకటి మూసుకుపోయి ఉంటది, దాని మీద మిథైల్ పోదు. అసలు సిసలు టీ-రెగ్‌లోనైనా సగం దగ్గరనే అంకె ఆగుతది. అది చూసి ప్రయోగం పోయిందని పారేయకు. ఇంకా మంచిది, ఈ ఒక్కదానికి మగ ఎలుకలు తీసుకో.

ఇక ప్లేటు సంగతి. నీ ప్రోటీన్ ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైంది, అంటే ఎండోటాక్సిన్ (ఆ బ్యాక్టీరియా గోడలోని విషం) ఉండే తీరతది. అది డెండ్రిటిక్ కణాల (టీ-కణాలకు పరాయిదాన్ని చూపించే కణాల) నుంచి ఐఎల్-10ను (దాడిని తగ్గించే సంకేతం) రప్పిస్తది, ఐఎల్-6నూ (వాపును పెంచే సంకేతం) రప్పిస్తది. ఒక బ్యాచ్‌లో అణచినట్టు కనబడతది. టీజీఎఫ్-బీటా తోడైతే ఇంకో బ్యాచ్‌లో కణాలు టీహెచ్17 (వాపు పెంచే టీ-కణం) దిక్కు మళ్లుతయి. బ్యాచ్ బ్యాచ్‌కూ ఫలితం మారుతున్నదని నువ్వు రాసిన దానికి నా అనుమానం ఇదే. ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్‌ఏఎల్ పరీక్ష చేయించు. ప్రోటీన్‌లో కొంత 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉడికించి పక్క వెల్స్‌లో వెయ్యి. ఉడికిస్తే ప్రోటీన్ పాడైతది, ఎండోటాక్సిన్‌కు ఏం కాదు. ఉడికించింది కూడా పనిచేస్తే నీ అణువుకు పేరు పెట్టే పని ఇప్పట్లో లేదు. ఉడికినా చెడని మొండి ప్రోటీన్లు కొన్ని ఉంటయి, దానికి ప్రోటీన్లను కోసే ప్రోటీనేజ్ వేసి చూడాలె.

రెండో దొంగ సీరం, కణాలు పెంచే మీడియంలో కలిపే రక్తరసం. దూడ సీరంలో టీజీఎఫ్-బీటా ఉంటది, ఎలుక కణాల మీద మంచిగ పనిచేస్తది. సీరం లాట్ మారిస్తే ఫాక్స్‌పీ3 శాతం మారుతది. టీజీఎఫ్-బీటాను అడ్డుకునే యాంటీబాడీ వేసిన వెల్స్ కూడా పెట్టు. అప్పుడు ప్రభావం మాయమైతే, నీ ప్రోటీన్ నేరుగ పనిచేయక, నిద్రాణంగ ఉన్న టీజీఎఫ్-బీటాను లేపుతున్నదేమో వెతకాలె. ఎలైసా అనే యాంటీబాడీ పరీక్షలో దాన్ని కొలవాలంటే ముందు ఆమ్లంతో విడగొట్టాలె: 100 మైక్రోలీటర్ల మీడియంకు 20 మైక్రోలీటర్ల 1 నార్మల్ హెచ్‌సీఎల్, 10 నిమిషాలు, తర్వాత క్షారంతో తటస్థం చెయ్యి. విడగొట్టనిదీ, విడగొట్టినదీ రెండూ కొలువు. కణాలు ఏమీ వేయని ఖాళీ మీడియం అంకె రెండింట్లోంచీ తీసెయ్యాలె. కొనుక్కున్న టీజీఎఫ్-బీటాను ఉత్త పీబీఎస్‌లో (ఉప్పు ద్రావణంలో) కరిగిస్తే గొట్టం గోడకు అంటుకుపోతది. 4 మిల్లీమోలార్ హెచ్‌సీఎల్‌లో, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బీఎస్ఏ (ఆవు రక్తపు అల్బుమిన్) కలిపి కరిగించు, చిన్న చిన్న భాగాలు చేసి గడ్డకట్టించు. పాలమూరు ఎండల్లో పార్సిల్ వస్తే లోపల డ్రై ఐస్ మిగిలిందో లేదో చూడకుండ సంతకం పెట్టకు.

అణచే పరీక్షలో, కణం విడిపోయినప్పుడల్లా సగమయ్యే సీఎఫ్‌ఎస్‌ఈ రంగు 5 మైక్రోమోలార్, ప్రోటీన్ లేని పీబీఎస్‌లో, 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. సీరం ఉంటే రంగు దాన్నే పట్టుకుంటది. ఐదింతల చల్లటి సీరం మీడియం పోసి ఆపు. విభజన చూసే కణాలు వెల్‌కు 50,000 మార్చకు. టీ-రెగ్‌లు 50,000, 25,000, 12,500, 6,250. నీ ప్లేట్ల లేనిది ఒక్కటే: టీ-రెగ్‌ల జాగాలో అంతే సంఖ్యలో రంగు వేయని మామూలు టీ-కణాలు. వెల్‌లో ఇరుకైతే, మీడియం సరిపోకపోతే విభజన దానంతటదే తగ్గుతది. దాన్ని అణచడం అనుకునే ప్రమాదం ఉన్నది. చచ్చిన కణాలను ఫిక్స్ చేయకముందే, ఫిక్స్ చేసినా పోని రంగుతో గుర్తించు. ఫాక్స్‌పీ3 కోసం కేంద్రకం దాకా రంధ్రాలు చేసినంక, చచ్చిన కణాల్లోకే దూరే 7-ఏఏడీ రంగు వేస్తే అన్నీ చచ్చినట్టే కనబడతయి. ప్లేటు అంచు వెల్స్‌లో కణాలు పెట్టకు, నీళ్లు పొయ్యి. 72 గంటల్లో అవి ఆరిపోతయి.

మోతాదు ఒక్కటే పెట్టి ఊరుకోకు. టీ-కణాలను పెంచే సంకేతం ఐఎల్-2 ఏం చేస్తదో తెలుసు గదా. క్యాన్సర్‌కు కిలోకు 6 లక్షల యూనిట్లు, 8 గంటలకోసారి ఇచ్చి దాడిచేసే కణాలను రెచ్చగొడతరు. అదే రోజుకు 10 లక్షల యూనిట్ల చుట్టుపక్కల ఇస్తే టీ-రెగ్‌లు పెరుగుతయి, ఎందుకంటే ఐఎల్-2ను పట్టుకునే సీడీ25 దండిగ ఉన్న కణం ఆ కొంచెం కూడా పట్టుకోగలదు. కనీసం ఆరు మోతాదులు, మూడింతల తేడాతో పెట్టు.

ఉడికించిన ప్రోటీన్, టీజీఎఫ్-బీటా యాంటీబాడీ, ఈ రెండు ప్లేట్లు ముందు పెట్టి గేట్లతో (ఏ కణాలను లెక్కలోకి తీసుకున్నవో ఆ హద్దులతో) సహా ముడి ఫైళ్లు పంపు. ఈలోపు జంతు నైతిక కమిటీకి ఫారం-బి (ప్రయోగానికి అనుమతి దరఖాస్తు) రాయి, వాళ్ల దగ్గర ఆలస్యం అయితది. దాంట్ల మందు ఆపినంక 100 రోజుల దాకా చూడటం, అదే దాత చర్మం రెండోసారి అతికించడం, మూడో జాతి చర్మం అతికించడం, మూడూ ఇప్పుడే చేర్చు. తర్వాత కలపాలంటే మళ్ల మొదటినుంచి అడగాలె, ఎలుకల సంఖ్య కూడా అప్పుడు సరిపోదు.

అమ్మ