మరిగే నీళ్లు పోయమన్న ఆ సూచన వెంటనే తీసేయండి

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

కిట్ కంపెనీ వినియోగదారుల విభాగం అధికారి గారికి,

విషయం: జోవా కోరల్ (రాళ్ల మీద పూలగుంపులా పెరిగే సముద్ర జీవి) కిట్‌లోని తెలుగు సూచనల కాగితం, సాల్ట్ మిక్స్ (సముద్రపు నీళ్లు తయారుచేసుకునే ఉప్పు పొడి), ప్లగ్‌ల (జోవాలు అంటించిన చిన్న దిమ్మెల) గురించి ఫిర్యాదు.

అయ్యా,

ఇక్కడ రీఫ్ ట్యాంకులు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియాలు) పెట్టుకున్నవాళ్లం మీ కిట్ తెప్పించుకున్నాం. సాల్ట్ సంగతి తర్వాత. ముందు కాగితంలోని చివరి సూచన చూడండి. రాతి మీద జోవాలు మితిమీరి పెరిగితే రాయి బయటికి తీసి మరిగే నీళ్లు పోయమని రాశారు. ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలవడానికి అది చాలు. కొన్ని జోవాల్లో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ ఉంటుంది. 1971లో హవాయి పాలిథోవా నుంచి వేరుచేసిన విషమిది. కణాల్లోని సోడియం-పొటాషియం పంపును (ఆ లవణాలను లోపలికీ బయటికీ పంపే ఏర్పాటును) పాడుచేస్తుంది. విరుగుడు లేదు. మరిగే నీళ్లు పోస్తే ఆవిరితో పాటు తుంపర్లుగా గాల్లోకి లేస్తుంది. గదిలో ఉన్నవాళ్లకి దగ్గు, ఆయాసం, జ్వరం పట్టుకుంటాయి. రాయిని పొడిగా బ్రష్‌తో తోమినా ప్రమాదమే.

పైగా కిట్‌లో ఫ్రాగ్‌లు (పెంచడానికి తీసే జోవా ముక్కలు) కోసే బ్లేడు ఉంది, గ్లౌజులు లేవు. కోసేటప్పుడు పాలిప్ (జోవాలో పువ్వులా ఉండే ఒక్కో జీవి) నీళ్లు చిమ్మి సూటిగా కంట్లో పడొచ్చు. నైట్రైల్ గ్లౌజులు, కళ్లకు అడ్డంగా గాగుల్స్ ఉండాల్సిందే. కోత పనంతా నీళ్లలోనే సాగాలి. తర్వాత పనిముట్లను ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లలో అరగంట నానబెట్టాలి. ఇవేవీ మీ కాగితంలో లేవు.

ఉప్పునీటి సాంద్రత (మంచినీటితో పోలిస్తే) 1.020 ఉంచమన్నారు. ఇది చేపలొక్కటే ఉన్న ట్యాంకు లెక్క. లీటరుకు సుమారు 27 గ్రాముల ఉప్పు లెక్కన జోవాలు ముడుచుకుపోయి తెరుచుకోవు. వాటికి కావలసింది 1.025-1.026, అంటే దాదాపు 35 గ్రాములు. మీరిచ్చిన హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే పరికరం) ముల్లుకి బుడగ అంటుకుంటే ఎక్కువ చూపిస్తుంది, నీళ్లు నిజానికి ఇంకా పలుచగా ఉంటాయి. దాని బదులు రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపును బట్టి ఉప్పదనం కొలిచే పరికరం) ఇస్తే బాగుండేది.

సముద్రం దగ్గరుంటే ఆ నీళ్లే వాడుకోవచ్చని కూడా రాశారు. గోపాల్‌పూర్ తీరం మాకు దగ్గరే. కానీ వానాకాలంలో ఋషికుల్య నది నీళ్లు కలిసి ఉప్పదనం తగ్గిపోతుంది, పడవల డీజిల్ సరేసరి. ఆర్వో-డీఐ నీళ్లు (లవణాలన్నీ వడకట్టినవి), టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా అని రాయాల్సిన చోటది.

ఇక సాల్ట్. సంచి అంచు సీలు సరిగా పడక తేమ చేరింది. లోపల గడ్డలు కట్టింది. సాల్ట్‌లోని మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్‌లు తేమను లాగేస్తాయి. తడిసిన చోట కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుపోతుంది. కలిపితే అడుగున తెల్లటి పొడి మిగిలింది. ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల కొలత) 6.5 డీకేహెచ్ (దాని యూనిట్) వచ్చింది, సంచి మీద 8.5 అని ఉంది. నీళ్లలో సాల్ట్ వేసి, పవర్‌హెడ్ (నీళ్లను తిప్పే చిన్న పంపు) పెట్టి, 25 డిగ్రీల వద్ద ఒకరోజు తిప్పాకే కొలిచాం. మా పద్ధతిలో లోపం లేదు. పొడి తేమగా ఉంటే తూకమూ తప్పుతుంది, ఎందుకంటే అందులో కొంత నీటి బరువే.

ప్లగ్‌ల దగ్గరికొస్తే, టార్చి వేసి చూస్తే పాలిప్‌ల మొదట్లో తెల్లటి చుట్టలాంటి గుడ్లు కనిపించాయి. జోవాలనే తినే న్యూడిబ్రాంక్‌ల (గుల్ల లేని సముద్రపు నత్తల) గుడ్లవి. గుడ్లను డిప్ (పురుగులు చచ్చే మందునీళ్లలో ముంచడం) చంపదు. వారం తర్వాత గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక మళ్లీ డిప్ చేయాలి, లేదా గీరి తీయాలి, అదీ గ్లౌజులతోనే. మీరు మాత్రం ఒక్కసారి డిప్ చేసి ట్యాంకులో వేసేయమన్నారు.

మేం అడిగేవి: ఆ కాగితాన్ని అమ్మకాల నుంచి ఆపి, ఇప్పటికే కొన్నవాళ్లకి మరిగే నీళ్ల విషయం ఫోన్‌లోనో మెసేజ్‌లోనో చెప్పండి. సాల్ట్ సంచులు మార్చివ్వండి. ప్లగ్‌ల డబ్బు వాపసు ఇవ్వండి. సాల్ట్ గడ్డలు, పరీక్ష ఫలితాలు, గుడ్ల ఫొటోలు జతచేశాం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం.

ఇట్లు,
బరంపురం రీఫ్ ట్యాంకుల వాళ్లం