చరమదశలో ఉన్నవారికి సాంత్వన: ఈ ఏడాది సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన సంఘం ఈ ఏడాది చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా అందజేస్తారు. ఇక కోలుకోరని వైద్యులు చెప్పిన వారి పక్కన కూర్చోవడమే మన సంఘానికి ప్రాణం. ఆ పని ఎలా సాగిందో కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా శిక్షణ గురించి. కొత్తగా చేరిన సేవకుల్లో చాలామంది స్తోత్రాల పుస్తకమో ప్రార్థనల పుస్తకమో వెంట తెస్తారు. ఎంతో భక్తితో తెస్తారు. మొదటి రోజు మాత్రం దాన్ని సంచిలోనే ఉంచమని కోరుతున్నాం. మంచం మీదున్న మనిషి దేవుణ్ణి నమ్ముతారో లేదో, నమ్మితే ఏ పేరుతో పిలుస్తారో, ఇప్పుడు ఆ దేవుడి మీదే కోపంగా ఉన్నారేమో తెలియకుండా పారాయణ మొదలుపెట్టడం తగదు. అమెరికా వైద్యురాలు క్రిస్టీనా పుచాల్స్కీ తన సహచరులతో కలిసి 1996లో రూపొందించిన నాలుగు ప్రశ్నల పద్ధతిని ఇందుకోసం నేర్పుతున్నాం. మీకు ధైర్యమిచ్చే నమ్మకం ఏది? మీ జీవితంలో దానికి ఎంత చోటుంది? ఆ నమ్మకాన్ని పంచుకునే తోటివారు ఉన్నారా? ఈ విషయంలో మేం ఏం చేస్తే మీకు బాగుంటుంది? వీటిని వరసపెట్టి అడిగితే విచారణ అవుతుంది. మాటల మధ్యలో, వారు తెరిచిన తలుపు దగ్గరే అడగాలి. జపమాల కావాలంటే జపమాల, దువా కావాలంటే దువా చేసేవారు, ఏమీ వద్దంటే ఏమీ వద్దు. ఎవరినీ మన దారికి తిప్పే ప్రయత్నం చేయకూడదన్న నియమంలో ఈ ఏడాది కూడా ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు.

నర్సుగా, ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా పనిచేసి ఆ తర్వాత వైద్యం చదివిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో చరమదశలో ఉన్నవారిని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్‌ను ప్రారంభించారు. మరణానికి చేరువైన మనిషి బాధలో శరీరంతోపాటు మనసు, కుటుంబం, ఆత్మ కూడా కలిసే ఉంటాయని ఆమె బోధించారు. మందులు వేళకు పడుతున్నా నిద్రపట్టని రాత్రుల వెనుక తెగిపోయిన బంధమో, చెప్పలేకపోయిన మాటో ఉండటం మేమూ చూస్తున్నాం. అలాగని నొప్పిని వేదాంతంతో సరిపెట్టకూడదు. నొప్పితో మెలితిరిగిపోతున్న మనిషికి కర్మ సిద్ధాంతం చెప్పడం క్రూరత్వమే. అందుకే సేవకులు ముందు నొప్పి గురించి అడుగుతారు. ఎక్కువగా ఉంటే ఆ సంగతి నర్సుకు చెప్పాకే మిగతా మాటలు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుని సంగతి ఆయన కుటుంబం అనుమతితో చెబుతున్నాను. ప్రార్థన వద్దన్నారు, ప్రవచనం వద్దన్నారు. రాత్రంతా గదిలో లైటు వెలుగుతూ ఉండాల్సిందే. పాత సంగతులు చెబుతూ తమ్ముడి దాకా రాగానే మాట ఆపేసి, దుప్పటి అంచును వేళ్లతో మడతలు పెట్టేవారు. మా సేవకురాలు అది గమనించినా తరచి అడగలేదు. ఒకరోజు ఆయనే కాగితం, కలం తెమ్మన్నారు. నాలుగు వాక్యాల ఉత్తరానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఊపిరి అందక ఆగుతూ, "ఆ మాట కొట్టేయమ్మా, కటువుగా ఉంది" అని దిద్దిస్తూ చెప్పారు. తమ్ముడు రాలేకపోయారు కానీ ఫోను చేశారు. ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు. ఆ రాత్రి ఆయన లైటు ఆర్పేయమన్నారు. దీన్ని ఆధ్యాత్మిక సేవ అనవచ్చా అని కొందరు సభ్యులు అడిగారు. నా మటుకు నాకు ఇంతకు మించిన ఆధ్యాత్మిక సేవ తెలియదు.

చివరి గంటల గురించి కుటుంబాలకు చెప్పే విషయాల్లో కొన్నింటిని సభ్యులందరూ తెలుసుకోవాలి. రోగి చేతిపై మన చేయి వేయకుండా, వారి చేతి కింద పెట్టాలి. వద్దనుకుంటే తీసుకునే వీలు వారికుంటుంది. ఆకలిదప్పులు తగ్గిపోవడం శరీరం అలిసి ఆగిపోయే క్రమంలో భాగమే. బలవంతంగా నీళ్లు పోస్తే పొలమారుతుంది, తడి దూదితో పెదవులు తడిపితే చాలు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పలకరిస్తే పలకని స్థితిలో ఉన్న కొందరు రోగుల మెదడు కూడా శబ్దాలకు స్పందిస్తున్నట్టు తేలింది. కాబట్టి మంచం పక్కన ఆస్తి పంపకాల మాటలు వద్దు. పేరుపెట్టి పిలిచి, చెప్పాల్సింది చెప్పండి.

మమ్మల్ని బాగా కలచివేస్తున్నది ఆలస్యం. మమ్మల్ని పిలిస్తే ఆశ వదులుకున్నట్టేనని చాలా కుటుంబాలు అనుకుంటున్నాయి. మనిషి స్పృహ తప్పాక కబురు వస్తే మేం చేయగలిగింది స్వల్పం. జబ్బు సంగతి రోగికి తెలియనివ్వకండని కోరేవారూ ఉన్నారు. ఆ ప్రేమను మేం తప్పుపట్టం. అయితే "నేను పోతున్నానా?" అని రోగి అడిగితే మా సేవకులు అబద్ధం చెప్పరు, ఉన్నపళంగా నిజం కుమ్మరించరు. "మీకేమనిపిస్తోంది?" అని అడిగి, చెప్పేది వింటారు. చాలాసార్లు వారికి ముందే తెలిసి ఉంటుంది. ఇంట్లోవాళ్లు తట్టుకోలేరని వారూ దాస్తున్నారు.

అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలను పలకరించడం, సేవకులు తమ దిగులు చెప్పుకునే నెలవారీ సమావేశాలు యథావిధిగా జరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఉపశమన చికిత్స అవసరం కాగా, అందుతున్నది సుమారు 14 శాతం మందికే. ఈ లోటు మన ఒక్క సంఘంతో తీరేది కాదు కాబట్టి, వచ్చే ఏడాది కుటుంబ సభ్యులకే ఈ మెలకువలు నేర్పే తరగతులు పెంచాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనిపై సర్వసభ్య సమావేశంలో మీ అభిప్రాయం చెప్పండి.

రాత్రివేళ తోడుండే సేవకులు తక్కువగా ఉన్నారు. భయం ఎక్కువగా ఉండేది అప్పుడే. వారానికి ఒక రాత్రి ఇవ్వగలిగినవారు తదుపరి శిక్షణ మొదలయ్యేలోపు నా దగ్గర పేరు నమోదు చేయించుకోగలరు.

కార్యదర్శి