చీటీ లేదంటే మందు ఇవ్వలేమని చెప్పడం ఎలా?

సంపాదకులకు,

మెడికల్ షాపుల్లో చేరే కుర్రాళ్లకు మందుల పేర్లు నేర్పుతున్నారు గానీ, 'ఇవ్వలేను' అని మర్యాదగా చెప్పడం నేర్పడం లేదు. సెఫిక్సిమ్ (యాంటీబయాటిక్), ఆల్ప్రాజోలం (ఆందోళనకు), ట్రమడాల్ (నొప్పికి) వంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని, అమ్మితే లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకపోతే డాక్టరు పేరు రాసే గడి ఖాళీయే.

చాలామంది 'స్టాకు లేదు' అని తప్పించుకుంటారు. వెనక ర్యాకులో డబ్బా కనిపిస్తూనే ఉంటుంది, నమ్మకం పోతుంది. 'చూద్దాంలే' అంటే మనిషి అక్కడే నిలబడి బతిమాలతాడు. 'ఈ ఒక్కసారికే' అని రెండు గోలీలు ఇస్తే మర్నాడు కాదనడానికి నోరు రాదు.

ముందు ఎవరికి, ఎన్నాళ్ల నుంచి అని అడగాలి. వినకుండా కాదంటేనే కోపం వస్తుంది. తర్వాత స్ట్రిప్ తిప్పి, ఎర్ర గీతల గడిలోని హెచ్చరిక చూపించి, "అమ్మా, ఇది చీటీ లేకుండా ఇవ్వకూడదు. డాక్టరు పేరు రాయాలి" అనాలి. గొంతు తగ్గించి చెప్పాలి, పక్కవాళ్లు వింటే అవమానంగా ఉంటుంది. వెంటనే దారి చూపాలి: దగ్గర్లోని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), పట్టణ ఆరోగ్య కేంద్రం, ఫోన్‌లో ఉచితంగా డాక్టరుకు చూపించుకునే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని. విరేచనాలైతే ఈలోగా ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం యజమాని మాట. కుర్రాడు కాదన్న మందును గల్లాపెట్టె దగ్గర్నుంచి ఆయనే ఇప్పిస్తే, ఇక ఆ కుర్రాడి మాట ఎవరూ వినరు. ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీల్లో రిజిస్టరుతో పాటు ఈ శిక్షణ గురించి కూడా అడగాలని కోరుతున్నాం.

– ఒక ఫార్మసిస్టు, గుంటూరు